కొట్టేసిన కేసు, మిగిలిన కోపం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ చిన్నకోడలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. ఇన్నాళ్ళూ ప్రతి ఉత్తరంలో ఈ మాట రాశాను గానీ, రాసిన ప్రతిసారీ కలం కాస్త తడబడేది. ఈసారి తడబడలేదు. అక్కడ మీరూ, వదినా, అన్నయ్యగారూ బాగున్నారని తలుస్తాను. వదిన మిమ్మల్ని మెట్లెక్కనివ్వడం లేదని రాశారు. మంచి పని చేస్తోంది. మీ మోకాలు మీ మాట వినదు, మీరు ఎవరి మాటా వినరు. మీ అమ్మాయే మీ ఇద్దరికీ సరైన మనిషి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు చెప్పేస్తాను. లేకపోతే "అడిగింది వదిలేసి వీధిలో సంగతులన్నీ రాస్తుంది" అని వదినతో అంటారు. వేళకి తింటున్నాను. నిలబడి కాదు, కూర్చునే తింటున్నాను. మీ మనవరాలు చిట్టెలుకకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. బ్రెడ్డు అంచులు ఇంకా తినడం లేదు. బేకరీలో పుట్టి అంచులు తీసి పక్కన పెట్టే పిల్ల మా ఇంట్లోనే ఉండాలా అని మీ చిన్నబ్బాయి అంటే, "తాతయ్య కూడా తినేవాడు కాదట, నానమ్మ చెప్పింది" అంటోంది. ఈ చదువు మీరు చెప్పిందే.

ఆయన చెవి గురించి అడిగారు. ఎడమ చెవి ఇక రాదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇక ఆసుపత్రుల చుట్టూ తిరగొద్దని కూడా అన్నాడు. కుడిది మాత్రం ఎంత చురుగ్గా ఉందంటే, నేను వెనకింట్లో నోట్లో నోట్లో సణుక్కున్నా ముందు కొట్టులోంచి సమాధానం వస్తుంది. భోజనానికి ఆయన కుడిపక్కన కూర్చుంటున్నాను. ఎడమవైపు కూర్చుంటే వినపడనట్టు నటించే శ్రమ కూడా ఆయనకి తప్పిపోతుంది, ఆ సుఖం నేనెందుకివ్వాలి?

ఇక అసలు సంగతి. అన్నయ్యగారు మీకు చెప్పింది నిజమే. పెద్ద కోర్టులో కేసు కొట్టేశారు. మీ చిన్నబ్బాయి ఆ కాగితం తీసుకుని బయటికొచ్చి మొదట అన్న మాట ఏమిటో తెలుసా? "కొట్టులో కొట్టిన కేసు కొట్టేశారు" అన్నాడు. అక్కడ నిలబడ్డ జవాను కూడా నవ్వాడు. ఇలాంటి మనిషిని కన్నందుకు మీరే బాధ్యులు.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ నేను చెప్తుంటే మీరు ఏడుస్తారు, మీరు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది, ఇద్దరం ముక్కులు ఎగబీల్చుకుంటూ కూర్చుంటాం, మాట ముందుకు సాగదు. కాగితమైతే నేను ఆగి రాయొచ్చు, మీరు ఆగి చదవొచ్చు.

అత్తయ్యా, ఆ రోజు సంగతి మీరు పోలీసుల దగ్గరా లాయర్ల దగ్గరా విన్నారే తప్ప నా నోటితో నేను మీకెప్పుడూ చెప్పలేదు. మీరు వెనక ఇంట్లో ఉన్నారు, నేను కొట్టులో ఉన్నాను. ఒక్కసారి చెప్పనివ్వండి.

మామయ్యగారు తన చేతులతో కట్టిన ఇటుక పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి పెట్టాలని మీ చిన్నబ్బాయికి పట్టుదల. నేను బతికుండగా దాని మీద సుత్తి పడదని బావగారి పట్టుదల. చివరికి బావగారు పిండిమరకి వెళ్ళిన పూట చూసి ఈయన తాపీమేస్త్రీని పిలిపించాడు. బావగారు బస్తాలు దింపుకుని లోపలికి వచ్చేసరికి పై వరస ఇటుకలు నేల మీద ఉన్నాయి. ఆయన అరిస్తే బాగుండేది. గోడకి ఆనించి ఉన్న రొట్టెలు తీసే చెక్కపార అందుకుని ఒక్కటే దెబ్బ. ఈయన చెవి పట్టుకుని కూలిపోయాడు. నేను అరిచాను. నా అరుపుకి బావగారు నిద్రలోంచి లేచినవాడిలా పార వదిలేసి, తమ్ముణ్ణి రెండు చేతులతో ఎత్తి బ్రెడ్డు బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా రక్తం ఆయన చొక్కా మీదే కారింది.

ఆసుపత్రిలో పోలీసు వచ్చి "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. బావగారు పక్కనే ఉన్నారు. నేను వేలు పెట్టి చూపించాను. ఆయన కాదనలేదు, లేచి వాళ్ళ వెంట వెళ్ళిపోయారు. చూపించినందుకు నేనెప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడటం లేదు. మీరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. "ఒకడింట్లో ముద్ద ఎత్తితే రెండోవాడు గొంతులో అడ్డం పడుతున్నాడే" అని మాత్రం అని, వదిన దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువగా పని చేసింది నా మీద.

తర్వాత మీకు తెలిసిందే. బావగారికి బెయిలిచ్చినప్పుడు కొట్టు గుమ్మం తొక్కకూడదని షరతు పెట్టారు. ఆయనా అక్కా వేరే ఇంటికి మారిపోయారు. ఆయన ఊరి చివర ఒక హాస్టల్ వంటగదిలో రొట్టెలు చేసే పనిలో కుదిరారు. ఈయన పడగొట్టిన ఇటుకల్ని తనే మళ్ళీ పేర్చుకున్నాడు. కరెంటు పొయ్యి ఊసు మళ్ళీ ఎత్తలేదు. పిండి కలపడం నేను నేర్చుకున్నాను.

కోర్టు వాయిదాలకి ఇరు పక్షాలూ ఒకే వరండాలో నిలబడాలి. అక్కడ శత్రువులకి వేరే బెంచీలు ఉండవు. మొదట్లో వాళ్ళు ఆ చివర, మేం ఈ చివర. ఈయన మనసులో కోపం నిలవదు కదా, ఎప్పుడో కరిగిపోయింది. "అన్నయ్య చిక్కిపోయాడు చూడు" అని నన్నే మోచేత్తో పొడిచేవాడు. నేను చూసేదాన్ని కాదు. ఒక వాయిదాకి ఇద్దరూ నీళ్ళ కుళాయి దగ్గర ఎదురుపడి ఏదో మాట్లాడుకుంటున్నారు. దూరం నుంచి చూస్తున్నాను. మీ చిన్నబ్బాయి ఎటు కదిలినా మీ పెద్దబ్బాయి చుట్టూ తిరిగి మళ్ళీ అదే పక్కకి వచ్చి నిలబడుతున్నాడు. ఇదేం ఆట అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది. ఆయన తమ్ముడి కుడి చెవి వైపు నుంచి కదలడం లేదు. ఎవరూ చెప్పలేదు ఆయనకి, తనంతట తనే నేర్చుకున్నాడు.  అది నాకు కంట్లో నలుసులా ఉండిపోయింది.

తర్వాత సాక్ష్యాల వాయిదా దగ్గరపడింది. మొదటి సాక్షిని నేనే. ప్రభుత్వం తరఫు లాయరు నన్ను కూర్చోబెట్టుకుని ఎలా చెప్పాలో నేర్పించాడు.

"చంపాలనే కొట్టాడని చెప్పమ్మా. అప్పుడే కేసు గట్టిగా నిలబడుతుంది."

"చంపాలని కాదండీ. కొట్టాక ఆయనే ఎత్తుకుని ఆసుపత్రికి తెచ్చాడు."

"అది వాళ్ళ లాయరు అడిగితే అప్పుడు చూద్దాం. అడక్కపోతే నువ్వు చెప్పక్కర్లేదు."

అత్తయ్యా, నాకు కోపం కొండంత ఉంది. కానీ ఆ కోపం నిజమైంది. దానికి అబద్ధం పూత పూసి ఇంకా పెద్దది చేసి చూపించమంటే ఒళ్ళు జలదరించింది. అక్కడి నుంచి ఇంటికి రాలేదు, నేరుగా అక్క వాళ్ళింటికి వెళ్ళాను.

అక్క తలుపు తీసి నన్ను చూసి అలాగే నిలబడిపోయింది. లోపలికి రమ్మనాలో వద్దో తెలియలేదు పాపం. నేనే అన్నాను, "తోటికోడలు వస్తే కూర్చోమనరా మీ ఇంట్లో?" అని. అప్పుడు కుర్చీ మీది బట్టలు తీసింది. కూర్చున్నాను. తర్వాత అక్క అంది, "ఆయన రాత్రిళ్ళు నిద్రపోరు, చెల్లీ. నేను జాలిపడమని చెప్పడం లేదు. పడకపోయినా నీ తప్పు కాదు. అడిగావు కాబట్టి చెప్తున్నాను."

"నేనేం అడగలేదక్కా."

"అడగడానికేగా వచ్చావు."

అవును మరి. అక్క నాకంటే తెలివైందని మీరెప్పుడూ అనేవారు, ఒప్పుకుంటున్నాను.

నేను బోనెక్కక ముందే కేసు వెనక్కి తీసుకుంటే సరిపోతుంది అనుకున్నాం మేం. బావగారి తరఫు లాయరు నవ్వాడు. సన్నగా ఈతబెత్తంలా ఉంటాడు, ఏదైనా దాటవేయాల్సి వస్తే దగ్గుతాడు, మీ చిన్నబ్బాయి ఆయనకి దగ్గులాయరని పేరు పెట్టాడు. "కంప్లయింటు ఇచ్చేదాకానే అది మీదమ్మా. ఇచ్చాక ప్రభుత్వానిది. చెవి పోయేంత గాయం, అదీ ఆయుధంతో. ఇలాంటిది మీలో మీరు రాజీ పడ్డారని కింది కోర్టు మూసేయలేదు. ఇరుపక్షాలూ రాజీపత్రం రాసుకుని పెద్ద కోర్టుకి వెళ్ళి, ఇక ఈ కేసు నడిపి లాభం లేదు, కొట్టేయండి అని అడగాలి. వాళ్ళు మిమ్మల్ని ఎదురుగా నిలబెట్టి అడుగుతారు. నమ్మితే కొట్టేస్తారు" అన్నాడు. నాకు బేకరీ భాషలో అర్థమైంది. పిండిలో ఈస్టు కలిపేశాక, నా ఈస్టు నాకిచ్చేయమంటే ఎవరిస్తారు?

రాజీపత్రంలో నేను ఒక్కటే షరతు పెట్టాను. ఎవరూ ఊహించలేదు. చిట్టెలుక ఇన్నాళ్ళుగా అడుగుతోంది, పెదనాన్న ఎందుకు రావడం లేదని, నాన్నకి ఆ చెవి ఎందుకు వినపడదని. నాన్న పడ్డాడని ఒకసారి, జబ్బు చేసిందని ఒకసారి చెప్పి దాటవేశాం. అందుకని, జరిగింది బావగారే తన నోటితో దానికి చెప్పాలి అన్నాను. అది విని దగ్గులాయరు తెగ దగ్గాడు, ఇది రాజీపత్రంలో రాసే విషయం కాదన్నాడు. బావగారు మాత్రం "రాయకపోయినా చెప్తాను" అన్నారు.

లాయరు ఆఫీసు బయట వరండాలో ఒక బెంచీ ఉంది. అక్కడికే చిట్టెలుకని తీసుకెళ్ళాం. పెదనాన్నని చూడగానే పరిగెత్తుతుందనుకున్నాను. లేదు, నా కొంగు వెనక నిలబడింది. బావగారు దాని ముందు నేల మీదే కూర్చున్నారు. అంత మనిషి, దాని ఎత్తుకి దిగి.

"మీ నాన్నకి ఎడమ చెవి వినపడదు కదా. అది నా వల్లే అమ్మా. కోపంలో నేనే కొట్టాను."

అది ఆయన మొహంలోకి అలాగే చూసింది. "నాన్నేం చేశాడు?"

"నాకు చెప్పకుండా పొయ్యి పడగొట్టబోయాడు."

"దానికి కొడతారా?"

"కొట్టకూడదు."

"సారీ చెప్పావా మరి?"

"చెప్పాను. ఆసుపత్రిలో, కట్టు కట్టి పడుకోబెట్టినప్పుడు."

"ఏ చెవిలో చెప్పావు?"

 కట్టు ఉన్నది ఎడమవైపు. ఆయన చెప్పింది ఆ కట్టు మీదే. మీ చిన్నబ్బాయి ఆ మాట ఎప్పుడూ వినలేదు, అన్న చెప్పాడని కూడా ఆయనకి తెలియదు. బావగారు మెల్లగా లేచి, బెంచీకి అటుపక్క నుంచి తిరిగి వచ్చి, తమ్ముడి కుడి చెవి దగ్గర వంగి ఏదో అన్నారు. నాకు వినపడలేదు. చాలాసేపే అన్నారు. ఈయన తల ఊపుతూనే ఉన్నాడు. చివరికి, "సరే సరే, మిగిలింది ఒక్క చెవి, దాన్ని కూడా తడిపేయకు అన్నయ్యా" అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వేసింది. చిట్టెలుక వెళ్ళి పెదనాన్న చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత పెద్ద కోర్టుకి వెళ్ళాం, జడ్జిగారు అడిగారు, మేం చెప్పాం, కొట్టేశారు. అన్నయ్యగారు మీకు ఇంతే చెప్పి ఉంటారు. నేను కూడా ఇంతవరకే రాసి సంతకం పెట్టేద్దామనుకున్నాను. ఎందుకంటే మీరు పోయిన ఉత్తరంలో రాశారు కదా, "మీ ముగ్గురి మనసులూ కలిశాయని నువ్వు నీ చేత్తో రాసిన రోజున నేను బస్సెక్కుతాను" అని. ఒక్క వాక్యం రాస్తే చాలు, మీరు వచ్చేస్తారు. మీరు రావాలని నాకు ఎంత ఉందో మీకు తెలియదు. ఆ వాక్యం రాశాను కూడా. రాసి, కొట్టేశాను. ఆ కాగితం పక్కన పడేసి ఇది మళ్ళీ మొదలుపెట్టాను.

నిజం చెప్తున్నాను, అత్తయ్యా. ఆ వరండాలో అందరి కళ్ళూ తడిశాయి. నావి తడవలేదు. నేను బావగారిని క్షమించలేదు.

క్షమించాలని చూశాను. కుదరలేదు. మొన్న స్కూలు గేటు దగ్గర చిట్టెలుక వెనక నుంచి నాన్నా అని పిలిచింది. ఎడమవైపు నుంచి పిలిచింది. ఆయనకి వినపడక నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అది అక్కడే నిలబడి, నాన్న నామీద అలిగాడనుకుని ఏడ్చింది. అలాంటిది చూసినప్పుడల్లా ఆ చెక్కపార నా కళ్ళ ముందు లేస్తుంది. బావగారు మంచివారని తెలుసు. తమ్ముడంటే ప్రాణమని తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం పోతే నేనెప్పుడో బాగుపడేదాన్ని.

కోర్టులో జరిగింది కూడా పూర్తిగా చెప్తాను. జడ్జిగారు మీ వయసావిడ. కళ్ళజోడు మీదుగా చూస్తుంది, అచ్చం మీలాగే. చూపు పడగానే నేను దాచుకున్నదంతా బయటికి వచ్చేస్తుందని అప్పుడే భయమేసింది. ఈయన్ని అడిగారు, ఈయన "మా అన్నయ్యండీ" అన్నాడు, అడిగినదానికి అదే జవాబన్నట్టు. తర్వాత నన్ను ముందుకి రమ్మన్నారు. రాజీపత్రం చేతిలోకి తీసుకుని చదివారు.

"ఇరుపక్షాల మధ్య విభేదాలన్నీ తొలగి, మునుపటివలెనే సఖ్యతతో జీవిస్తున్నారు అని రాశారు. అంతేనా అమ్మా?"

అవును అనాలి. లాయరు దారి పొడుగునా చెప్పించాడు, అవునండీ అని ఒక్క మాట. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "కాదండీ" అని.

దగ్గులాయరుకి దగ్గు అందుకుంది. పక్కన అక్క చెయ్యి చల్లబడిపోయింది, పట్టుకుని ఉన్నాను కాబట్టి తెలిసింది.

"ఎవరైనా బెదిరించారా?" అన్నారు జడ్జిగారు.

"లేదండీ."

"ఏమైనా ఇస్తామన్నారా?"

"లేదండీ. మునుపటిలా లేమండీ, అంతే. ఆయన్ని నేనింకా క్షమించలేదు. గుర్తొచ్చినప్పుడల్లా కోపం వస్తుంది."

"మరి కేసు కొట్టేయమని సంతకం ఎందుకు పెట్టావు?"

 మొదలుపెట్టాక ఇక ఆగలేదు. "కేసు నడిస్తే ఆయన్ని జైలుకి పంపేది నా మాటేనండీ. మా ఆయనకి చెవి పోయింది. చెవి పోతే రెండోవైపు తిరిగి వింటున్నాడు. అన్న పోతే ఎటు తిరగాలో ఆయనకి తెలియదు. మా అత్తగారు ఏ కొడుకింట్లోనూ తినలేక ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. నా కోపం నాదండీ. దాన్ని నా ఇంట్లో పెట్టుకుని నేనే చూసుకుంటాను. దానికి పోలీసులూ సాక్షులూ అక్కర్లేదు" అన్నాను.

 కేసు పోయింది, నా నోటి వల్ల బావగారు జైలుకి పోతారు అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఎంత భయమేసిందో చెప్పలేను. అంత కోపం ఉన్నదాన్ని, భయపడాల్సిన పనేముంది? కానీ భయమేసింది. జడ్జిగారు బావగారి వైపు తిరిగారు.

"మీరేమంటారు?"

"ఆమె చెప్పింది నిజమేనండీ. క్షమించమని నేను అడగలేదు. అడిగే మొహం లేదు."

ఆవిడ కాసేపు కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత నాతో అన్నారు, "సఖ్యత అన్న మాట రోజూ వస్తుందమ్మా ఇక్కడికి, కాగితాల మీద. కోర్టుకి కావాల్సింది బలవంతం లేకపోవడం. క్షమించావో లేదో అన్నది నా పని కాదు, నీ పని. నిదానంగా చేసుకో." అని కేసు కొట్టేశారు. ఊరికే కాదు, ఒక షరతు మీద. ఏడాదిపాటు ప్రతి ఆదివారం అన్నదమ్ములిద్దరూ కలిసి, ఆ పాత పొయ్యిలోనే రొట్టెలు కాల్చి ప్రభుత్వాసుపత్రి రోగులకి పంపాలి. "ఒకరు చేసి ఇద్దరి పేరు పెడితే ఊరుకోను" అని కూడా అన్నారు.

తిరుగు బస్సులో బావగారు నా ముందు సీట్లో కూర్చున్నారు. వెనక్కి తిరక్కుండానే అన్నారు, "నువ్వు కాదనడమే మంచిదైందమ్మా. అవునని ఉంటే, నువ్వు నవ్విన ప్రతిసారీ అది అబద్ధమేమోనని భయపడుతూ బతికేవాణ్ణి." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అక్క మాత్రం నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో ఏమో, దిగేటప్పుడు లేపితే గానీ లేవలేదు.

మొన్న మొదటి ఆదివారం వచ్చింది. తెల్లవారేసరికి బావగారు వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. గుమ్మం తొక్కకూడదన్న బెయిలు షరతు పోయిందని తెలుసు, అయినా కాలు లోపల పెట్టడం లేదు. మీ చిన్నబ్బాయి కట్టెలు తేవడానికి వెనక్కి వెళ్ళాడు. ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే. ఎంతసేపని చూస్తాం? "లోపలికి రండి బావగారూ, పొయ్యి వెలిగించాలి" అన్నాను. కొట్టిన రోజు తర్వాత నేను ఆయన్ని పిలిచింది అదే మొదటిసారి. ఆయన తల వంచుకుని లోపలికి వచ్చి, ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళి, తమ్ముడు పేర్చిన పై వరస ఇటుకల మీద చెయ్యి వేసి తడిమారు.

"వంకరగా పెట్టాడు వెధవ," అన్నారు తనలో తను.

"వినపడింది," అన్నాడు మీ చిన్నబ్బాయి వెనక నుంచి.

పని మొదలైంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు గానీ, ఒకరు చెయ్యి చాపేసరికి ఇంకొకరు ఆ వస్తువు అందించేస్తున్నారు. నేను కలిపి పెట్టిన పిండి ముద్ద దగ్గరికి బావగారు వచ్చి, చిటికెడు తుంచి నోట్లో వేసుకుని, మొహం ఒకలా పెట్టారు.

"ఉప్పు తక్కువైంది. నాన్న కొలత ఇది కాదు."

"ఇన్నాళ్ళూ ఈ ఉప్పుతోనే చేస్తున్నాను. జనం తింటూనే ఉన్నారు," అన్నాను.

"తింటున్నారు సరే. మెచ్చుకుంటున్నారా?"

అత్తయ్యా, నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు కాల్చుకుని, నడుం విరగ్గొట్టుకుని, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న పని. ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠప్పున పెట్టి, "మీ నాన్నగారి కొలత మీకే తెలుసుగా, మీరే వేసుకోండి" అన్నాను. ఆయన కూడా తగ్గలేదు, వేసుకున్నారు. నేను మళ్ళీ రుచి చూసి ఉప్పు కషాయంలా ఉందన్నాను. ఆయన ఇదే సరైనదన్నారు. మీ చిన్నబ్బాయి పిండి చేతులతోనే గోడకి ఆనుకుని పడి పడి నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళైందో.

రొట్టెలు ఆసుపత్రికి వెళ్ళాయి. నేను బల్లలు తుడుస్తున్నాను, గిన్నెలు కడుగుతున్నాను, లోపల లోపల సణుక్కుంటూనే ఉన్నాను, బావగారికి ఉప్పు సంగతి ఏం తెలుసని. సాయంత్రం చిట్టెలుకకి తల దువ్వుతుండగా తట్టింది నాకు. పొద్దుటి నుంచి బావగారి మీద కోపంగానే ఉన్నాను. కానీ అంతా ఉప్పు గురించే. ఆ రోజంతా ఆ చెవి సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఇది క్షమించడమో కాదో నాకు తెలియదు. రేపు మళ్ళీ ఆ పాత కోపం రావచ్చు, వస్తుంది కూడా. అందుకే మీరడిగిన వాక్యం నేను రాయలేను. మా ముగ్గురి మనసులూ కలిశాయని నా చేత్తో రాసి మిమ్మల్ని పిలిపించుకుంటే అది దొంగ పిలుపవుతుంది. కానీ ఆ వాక్యం కోసం ఆగొద్దు, అత్తయ్యా. అది ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో. మీరు లేని ఇంట్లో దాని కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు. వారంలో ఆరు రోజులు ఎవరింట్లో తింటారో మీ ఇష్టం, ఆదివారం మాత్రం ఇద్దరు కొడుకులూ ఒకే పొయ్యి ముందు ఉంటారు. మీ గొంతులో అడ్డం పడటానికి ఆ రోజు ఎవరూ బయట మిగలరు.

అదీగాక ఇక్కడ పెద్ద తగువు తెగకుండా ఉంది. మామయ్యగారు వేసే ఉప్పు ఎంతో పక్కన నిలబడి చూసింది మీరొక్కరే. మీరు చెప్పినదానికి ఇద్దరం కట్టుబడి ఉంటామని ఒప్పుకున్నాం. న్యాయం ఎటున్నా, మీరు నా వైపే చెప్పాలి.

వదినకీ, అన్నయ్యగారికీ నమస్కారాలు చెప్పండి. చిట్టెలుక మీకు ముద్దులు పంపుతోంది, పళ్ళు లేవు కాబట్టి తడి ముద్దులట.

ఇట్లు,
మీ బస్సు కోసం చూస్తూ,
మీ మొండి చిన్నకోడలు